మొసళ్ళ వంటవాడు

"ఆ చేతులతో అద్దం ముట్టుకోకు. పంది కంపు," అంది అత్తగారు సెనైదా.

ఎవెలియో చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అద్దాల పెట్టెలో అతని కూతురు ఉంది. ఏడో నెలకే పుట్టింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతోంది. పెదాలు నీలం తిరిగాయి. తల్లి ఆసుపత్రి పై అంతస్తులో మత్తుమందు నిద్రలో ఉంది.

అతను కబేళా నుంచి నేరుగా వచ్చాడు. పదకొండేళ్ళుగా అక్కడ అతనిది ఒకటే పని. పంది ఊపిరితిత్తుల్ని గాటు పడకుండా తీసి, కడిగి, మంచుపెట్టెల్లో సర్దాలి. గాటు పడితే వెనక్కొస్తాయి. ప్రతి గురువారం తెల్ల వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. ఎక్కడికని అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సపాతా చిత్తడినేలల్లో పెంచే మొసళ్ళకని అత్తగారు తేల్చేసింది. అప్పట్నించీ వీధిలో అతని పేరు మొసళ్ళ వంటవాడు.

డాక్టరు ఒదాలిస్ చిన్న సీసాని గుప్పిట్లో వెచ్చబెడుతూ వచ్చింది. కుదిపితే నురగొస్తుందట. అదేమిటని సెనైదా అడిగితే ఓపిగ్గా చెప్పింది. ఊపిరితిత్తుల లోపల తడిగా ఉంటుంది, ఆ తడికి గోడలు అతుక్కుపోతాయి. ఈ మందులో అణువు తల మీద ధనావేశం, ఋణావేశం రెండూ ఉంటాయి. ఆ తలతో నీటిని పట్టుకుని, తోకను గాలిలోకి చాపి, మధ్యలో నిలబడుతుంది. గోడల్ని అతుక్కోనివ్వదు. నెలలు నిండిన బిడ్డకి ఇది ఒంట్లోనే ఊరుతుంది.

"రెండు పక్షాలా ఉండేవాణ్ణి మా వీధిలో నమ్మం, డాక్టరమ్మా."

"ఇక్కడ వాడే దిక్కు."

సన్నటి గొట్టంలోంచి మందు లోపలికి వెళ్ళింది. అత్తా అల్లుడూ నిలబడే ఉన్నారు. సెనైదా తెచ్చిన ఫ్లాస్కులో కాఫీ అలాగే ఉండిపోయింది. గంట గడిచేసరికి డొక్క ఎగరడం తగ్గింది. పెదాలకి రంగొచ్చింది.

సెనైదా కళ్ళు తుడుచుకుంది.

"అల్లుడూ, ఇంక ఆ పని మానెయ్యి. మీ నాన్నేం చేస్తాడని బళ్ళో అడిగితే ఈ పిల్ల ఏం చెప్పుకుంటుంది?"

సోమవారం వెళ్ళి వేరే పని అడుగుతానన్నాడు.

డాక్టరు ఖాళీ సీసాని గుర్తుగా ఉంచుకోమని ఇచ్చింది. సెనైదా దాన్ని ముద్దుపెట్టుకుని, కళ్ళజోడు తేలేదంటూ అతని చేతికిచ్చింది. ఈ పుణ్యం ఏ దేశానిదో, దేంతో చేశారో చదవమంది.

ఎవెలియో సీసా మీది చీటీని మనసులో చదువుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాడు.

"పంది ఊపిరితిత్తులు, అత్తయ్యా."