తడబడే నాడి

“ఇది మూడో ఈసీజీ. దీంట్ల గూడ ఏం తప్పు లేదు తాజుద్దీన్ భాయ్,” అంటూ డాక్టర్ అమరేందర్ కాగితం పట్టీని బల్ల మీద పరిచాడు.

“మిషన్‌కేం తెల్సు సార్? పొద్దున నేనే నాడి చూసిన. నాలుగు సార్లు కొట్టుకుంటది, ఒకటి ఎగ్గొడ్తది. మల్ల గబగబ కొట్టుకుంటది.”

తాజుద్దీన్ దేవరకొండలో దర్జీ. వారంలో మూడోసారి దుకాణం మూసి, భార్యను బస్సెక్కించి నల్లగొండ తీసుకొచ్చాడు.

మంచం మీదున్న లాడ్లీ బేగం విసుక్కుంది. “నాకేం కాలే సార్. మెట్లెక్కినా ఆయాసం లేదు. గీయననే బిందె ముట్టనియ్యడు, పొయ్యికాడికి పోనియ్యడు.”

నెల కిందట హైదరాబాదులో ఆమె తొడ నరంలోంచి సన్నటి గొట్టం పంపి, మూసుకుపోతున్న గుండె కవాటాన్ని బెలూనుతో తెరిచారు. అప్పట్లో అది కొత్త వైద్యం. పంపేటప్పుడు తాజుద్దీన్‌కు గట్టిగా చెప్పారు: గుండె లయ తప్పవచ్చు, రోజూ నాడి చూడు, తప్పితే ఆలస్యం చేయకు.

అమరేందర్‌కు అయోమయంగా ఉంది. స్టెతస్కోపులో గుండె తిన్నగా కొట్టుకుంటోంది. ఇతను అబద్ధమాడే మనిషి కాదు. వచ్చిపోయే తడబాటేమో!

“హైదరాబాద్‌కే పంపుత. వాళ్లే చూస్తరు,” అన్నాడు చివరికి.

లాడ్లీ బేగం ముఖం పాలిపోయింది. “ఆడ పక్క మంచమామెకు ఎదల మిషన్ పెట్టిన్రు సార్. నాకు గూడ పెడ్తరా?”

“ఫికర్ జెయ్యకు, నేనున్న గద.” తాజుద్దీన్ ఆమె మణికట్టు పట్టుకొని కళ్లు మూసుకున్నాడు. “ఇగో సార్! గిప్పుడే తప్పింది! జర చూడున్రి!”

డాక్టర్ ఆమె రెండో చేయి అందుకున్నాడు. ఎక్కడా తప్పలేదు.

“మల్ల తప్పింది సార్!”

ఒకే మనిషి. ఒక చేతిలో నాడి తప్పుతోంది, ఇంకో చేతిలో తప్పడం లేదు. అమరేందర్ వంగి చూశాడు. తాజుద్దీన్ తన బొటనవేలిని ఆమె మణికట్టు మీద గట్టిగా అదిమి పట్టాడు.

“రోజూ బొటనవేలితోనే చూస్తున్నవా?”

“అవ్ సార్. గట్ల చూడొద్దా?”

“బొటనవేలికి దాని నాడి దానికుంటది భాయ్. నీకు తెలిసేది ఆమెది కాదు.”

డాక్టర్ తాజుద్దీన్ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాడు. గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. తర్వాత లాడ్లీ బేగం వైపు తిరిగాడు.

“నువ్వు జర మంచం దిగమ్మా. మీ ఆయన పడుకోవాలె.”