మొదటి బస్సు

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఇరుకు కల్వర్టు మీద ఒక సైకిలు రోడ్డుకు నడిమధ్యన పోతోంది.

వెనక కారులో రంగుల కొట్టాయన హారన్ మీంచి చెయ్యి తియ్యడంలేదు.

పక్కన కూతురు, ఒళ్ళో సర్టిఫికెట్ల సంచి. నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మొదటి బస్సు తప్పితే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే.

సైకిలు మనిషి వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి చూపించి, కాస్త ఆగమన్నాడు.

"చూశావా పొగరు? రాత్రి టీవీలో చెప్పనే చెప్పారు, కొత్త రూలు పెట్టి రోడ్డంతా సైకిళ్ళవాళ్ళకి రాసిచ్చేశారని."

"రోడ్డంతా కాదు నాన్నా. ఇరుకు చోట మాత్రమే మధ్యలో వెళ్ళమన్నారు, దాటాక పక్కకి తప్పుకోవాలి. ఆ ముక్క టీవీవాడు మింగేశాడు."

ఆయన వినిపించుకోలేదు. సందు చూసి కారు దూర్చాడు. ఆ పక్క అద్దం దేనికో తగిలి టప్పున మడుచుకుపోయింది.

"నాన్నా, కాలవలో పడ్డాడు. ఆపు."

అద్దం మూసుకుపోయింది గనక ఆయనకేమీ కనబడలేదు.

"లేస్తాడులేవే. అవతల బస్సు పోతుంది."

బస్టాండులో బస్సుంది. డ్రైవరు లేడు.

బయల్దేరే వేళ దాటిపోయింది. జనం గొణుగుతున్నారు. రంగుల కొట్టాయనకు కాలు నిలవడంలేదు. తనే కారులో దింపుదామంటే కొండదారి మలుపులు తలుచుకుంటేనే గుండె జారుతుంది. ఈ డ్రైవరు చేతికైతే పిల్లని కళ్ళు మూసుకుని అప్పజెప్పొచ్చని ఊరంతా చెబుతారు. ఒక వానలో దారికి అడ్డంగా కొండచరియ విరిగిపడితే, బస్సును మలుపు మలుపూ వెనక్కే నడుపుకుంటూ, నిద్రపోతున్న పసిబిడ్డ కదలకుండా కిందికి దించాడట.

అంతటి మనిషి ఇంకా రాలేదేమిటని కండక్టరుని అడిగాడు.

"అదే నాకూ అంతుపట్టడంలేదండీ. ఎన్నడూ ఆలస్యం చేసిన మనిషి కాదు."

"ఏ బస్సులో వస్తాడు?"

కండక్టరు నవ్వాడు. "మొదటి బస్సు నడిపేవాడికి ఇంకో బస్సెక్కడిదండీ? సైకిలే."

కూతురు తండ్రి వైపు చూడలేదు.

అప్పుడే గేటులోంచి ఒక మనిషి వచ్చాడు, వంకరపోయిన సైకిలు భుజాన వేసుకుని. మోకాళ్ళదాకా బురద. సైకిలు గోడకానించి, కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండని అందరికీ చెప్పాడు. ఎందుకైందో చెప్పలేదు.

బస్సెక్కబోతూ కారు దగ్గర ఆగాడు. మడుచుకున్న అద్దాన్ని మెల్లగా తెరిచి, తడిచేత్తోనే తుడిచి, సరిచేశాడు.

"ఇది ఇలా ఉంటే ఇంటికెలా వెళ్తారండీ?" అన్నాడు. కూతురి చేతిలో సంచి అందుకుని, "రామ్మా. వేళకి దింపుతాను," అన్నాడు.



బస్సు కదిలింది. ఆయన కారు పక్కనే నిలబడి ఆ అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు: అంత పెద్ద బస్సూ, అంత ఆలస్యమై కూడా, గేటు ముందు రోడ్డుకు నడిమధ్యన పోతున్న ఒక పాల సైకిలు దాటేదాకా, హారన్ కొట్టకుండా ఆగింది.