బీటిల్సా, జెపెలినా

కంచం ముందు కూర్చోకముందే పోలరాజు మొదలెట్టాడు.

"ప్రపంచంలో ఒక్కటే బ్యాండు. బీటిల్స్. తరవాత వచ్చినవాళ్ళంతా వాళ్ళ ఎంగిలి తిన్నవాళ్ళే."

వంటింట్లో చారు పోపు పెడుతున్న పద్మకుమారి గరిటెతో గిన్నె అంచు మీద ఠంగుమని కొట్టింది.

"లెడ్ జెపెలిన్ ముందు మీ బీటిల్స్ బడిపిల్లలు. పొద్దున్నే ప్రార్థన పాడుకోమనండి."

నూకాలమ్మ తల పట్టుకుంది. మళ్ళీ మొదలైంది.

కొడుకు పెళ్ళై రెండు నెలలు కాలేదు. కోడలిది గోవింద్‌పూర్, బి.ఏ. చదివింది. ఇద్దరికీ ఇంగ్లీషు పాటల పిచ్చి. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి బయటపడినప్పుడు, జోడీ కుదిరిందని అందరికంటే ఎక్కువ సంబరపడింది నూకాలమ్మే. ఇప్పుడు ఆ పాటలే కొంప ముంచుతున్నాయి. డెబ్బై ఆరు ఎండాకాలం అసలే నిప్పులు చెరుగుతోంది. దానికి తోడు, పోలరాజు పొద్దుటి 'ఏ' షిఫ్టు దిగి వచ్చి మధ్యాహ్నం సైకిలు స్టాండు వెయ్యడం ఆలస్యం, ఇంట్లో యుద్ధం.

బారిడీహ్‌లో, ఉక్కు కంపెనీ కార్మికుల లైనులో వాళ్ళది రెండు గదుల క్వార్టరు. ఆరుగురు మనుషులు. ఒక గదిలో తుమ్మితే రెండో గదిలోంచి దీవెన వస్తుంది. గుట్టుగా పోట్లాడుకోవడానికి కూడా చోటు లేదు.

మొదటిరోజు నూకాలమ్మ మొగుడు అసిరయ్య కలగజేసుకున్నాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మనిషి, ఎర్రటి కళ్ళతో లేచి వచ్చాడు.

"ఎవులురా ఆళ్ళు? మన లైనోళ్ళేటి?"

"కాదు నాన్నా, ఇంగ్లండోళ్ళు."

"ఇంగ్లండోళ్ళ కోసం నా నిద్దర పాడు సేత్తారేట్రా?"

దుప్పటి భుజాన వేసుకుని తమ్ముడింటికి పోయాడు. అప్పట్నుంచి మధ్యాహ్నం నిద్ర అక్కడే. తరవాత కూతురు కాంతం విసుక్కుంది. "యహా పఢాయీ నహీ హోగీ, అమ్మా" అని, చదువు సాగే చోటు కోసం పుస్తకాలు చంకనపెట్టుకుని స్నేహితురాలింటికి పోయింది. ఇక మిగిలింది నూకాలమ్మ, లోపలి గదిలో మంచం మీద ముసలి అత్తగారు భద్రమ్మ.

ఇవాళ తగువు మరీ ముదిరింది.

"నీ జెపెలిన్ డ్రమ్ము కంటే మా రోలింగ్ మిల్లు నయం. దానికి తాళమైనా ఉంటుంది" అన్నాడు పోలరాజు.

"నలుగురు కలిసి పదేళ్ళు నిలవలేక విడిపోయారు మీవాళ్ళు. అలా విడిపోయినవాళ్ళా గొప్ప?"

విడిపోవడం అన్న మాట చెవిన పడగానే నూకాలమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"విడిపోయినా లోకమంతా ఇంకా వాళ్ళ పాటే పాడుతోంది. నీవాళ్ళు అరవడం ఆపితే రెండ్రోజుల్లో మర్చిపోతారు. బకవాస్ బ్యాండు, ఒట్టి చెత్త."

"నీకు సంగీతం తెలీదు."

నీకు. కట్టుకున్నవాణ్ణి పట్టుకుని, నీకు. నూకాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏటే, ఏటన్నావు? ఇన్నేళ్ళ కాపరంలో మీ మాంగారిని ఒక్కనాడైనా నానలా అన్నానేటి?"

"మీ అబ్బాయి నా బ్యాండుని బకవాస్ అనొచ్చా అత్తయ్యా?"

"నువ్వాగమ్మా" పోలరాజు తల్లి మీద విరుచుకుపడ్డాడు. "దీనికి పొగరెక్కింది. ఇవాళ తేలిపోవాలి."

"తేల్చండి. లేకపోతే నేను గోవింద్‌పూర్ పోతాను."

పద్మకుమారి విసవిసా లోపలికి వెళ్ళి, భద్రమ్మ మంచం కింద ఉన్న ట్రంకుపెట్టెను బర్రున బయటికి లాగింది. ఆ చప్పుడుకి పక్క క్వార్టరు రత్నం గోడ మీదుగా తల పెట్టింది.

"ఏటొదినా, మీ కోడలు ఎల్లిపోతందా?"

"మా ఇంటి గోల నీకెందుకు రత్నం. నీ కూర మాడతంది, పోయి సూసుకో."

రత్నాన్ని తోలి నూకాలమ్మ పెట్టె వైపు చూసింది. పెట్టె ఒకసారి గడప దాటితే మళ్ళీ వెనక్కి తేవడానికి పదిమంది పెద్దలు కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళు ఏం తగువని అడిగితే ఏం చెప్పాలి? ఆ పేర్లు తనకు నోరే తిరగవు. కొడుకుని కొట్టే వయసు కాదు. కోడలిని కొట్టే మనసు లేదు. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

మంచం మీంచి భద్రమ్మ దగ్గింది.

"నూకాలూ, మనవిక్కడుంటే ఇద్దరికీ పౌరుసవే. సూసేవోళ్ళు లేకపోతే ఎవులి కోసం అరుత్తారు? పద, అలా ఎనక లైనులో చిలకమ్మింటికి పోదాం."

చలికాలం నుంచి వాకిలి దాటని మనిషి. ఆమే మంచం దిగి చెయ్యి చాపింది. నూకాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"దీపాల యేళకి వత్తాం. ఈలోపల ఎవులు గొప్పోళ్ళో తేల్చుకోండి. ఆ పెట్టె గడప దాటిందా, మీ ఇద్దరి కాళ్ళూ ఇరగ్గొడతాను. ఆ ఇంగ్లండోళ్ళవి కూడా."

ఇద్దరూ చెరో గోడ వైపూ తిరిగి నిలబడ్డారు.

నూకాలమ్మ గేటు ధడాలున వేసింది. ఎండలో అత్తగారిని మెల్లగా నడిపిస్తూ, బీటిల్స్‌నీ జెపెలిన్‌నీ వాళ్ళను కన్న తల్లుల్నీ తిట్టుకుంటూ, మధ్యలో ఆగి, "పైడితల్లీ, నా కొడుకు కాపరం నిలబెట్టమ్మా" అని దణ్ణం పెట్టుకుంది.

ఆ అడుగుల చప్పుడు లైను మలుపు తిరిగేదాకా చెవులు రిక్కించి విన్న పద్మకుమారి, తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి మొగుడి భుజం మీద తల వాల్చి, "రేపు బీటిల్స్ నాకిచ్చి జెపెలిన్ మీరు తీసుకోండి, అరిచి అరిచి నా గొంతు పోయింది" అంది.