బండలో దవడ

"ఆ గునపం బండ మీద పడిందంటే, ఇక నువ్వు నాకు అక్కవే కాదు!" ఎవరిస్తో అరిచాడు.

దెల్మిరా గునపం దించలేదు. ఏడాదంతా ఎండి ఉండే ఆ పటగోనియా వాగులో, గట్టు నుంచి జారిన బండ తమ్ముడి కాలిని మోకాలి దాకా ఓ వంకర సందులో బిగించేసింది. పైన కొండల్లో ఎక్కడో వాన కురిసినట్టుంది, నీళ్లు రానే వచ్చాయి. కూలబడి ఉన్న అతని నడుము మునిగింది.

"పగలగొట్టక ఏం చెయ్యమంటావురా? పక్కన కూర్చుని మాతే టీ కాచుకు తాగమంటావా?"

"అందులో దవడ ఉందక్కా! పళ్లతో సహా!"

అదీ అతని బాధ. ఆ దవడ రాయిగా మారిన ఓ డైనోసార్‌ది. ఆ డైనోసార్‌వి ఇంతవరకు లోకానికి దొరికినవల్లా విరిగిన వెన్నుపూసలు, ఓ తుంటి ముక్క. ఇది కొత్త జంతువేనని ఎవరిస్తో మొత్తుకుంటే, బ్యూనస్ ఐరిస్ శాస్త్రవేత్తలు నవ్వి ఊరుకున్నారు. ఇవాళ దాని నోరే దొరికింది. దొరికీ దొరకగానే అతని కాలు పట్టుకుంది.

నీళ్లు ఛాతీకి ఎక్కాయి. కరిగిన మంచులా చల్లగా ఉన్నాయి. కాలు ఎప్పుడో మొద్దుబారిపోయింది, గిల్లినా తెలియడం లేదు. ఇద్దరూ ఎంత కేకేసినా గాలి హోరు తప్ప బదులు లేదు. చచ్చిపోతానని అతనికి మొదటిసారి భయం వేసింది.

"అక్కా, నేను పోతే మన ఊరి మ్యూజియం తాళాలు..."

"నోర్ముయ్! వెధవ మాటలూ నువ్వూనూ. చెప్పు, పగలగొట్టనా?"

ఎవరిస్తో వెక్కివెక్కి ఏడ్చాడు. "కానియ్. నేను మాత్రం చూడలేను."

ఆమె తన ఒంటి మీది పోంచో శాలువా తీసి అతని ముఖం మీద కప్పింది. బండ సందులోకి గునపం దిగిన చప్పుడు వినబడింది. అక్క మూలుగుతూ బరువంతా దాని మీద మోపింది.

ఠప్పున విరిగింది.

"అయిపోయింది," అని గొణిగాడు ఎవరిస్తో. మరుక్షణం రెండు చేతులు అతన్ని చంకల కింద పట్టి గట్టు మీదికి ఈడ్చేశాయి.

పోంచో తొలగించుకుని చూసేసరికి, దెల్మిరా, తవ్విన శిలాజాలు పగలకుండా చుట్టే ప్లాస్టర్‌ను బకెట్‌లో కలుపుతోంది. అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఎముకే పోయాక ఇంకా ఆ ప్లాస్టర్ దేనికక్కా?"

"దవడ మీద గీత కూడా పడలేదురా," అందామె, ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టీని అతని కాలికి చుడుతూ. "రెండింట్లో మళ్లీ అతుక్కునే ఎముకనే విరిచాను."