పెద్దల్లుడి వాన కబురు

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయిన అంకెలు శనివారం సాయంత్రం అయిదు దాటినా రాలేదు.

కంప్యూటర్ తెర మీద వేడి దగ్గర రెండు గీతలు. గాలి దగ్గర రెండు గీతలు. తేమ దగ్గరా అంతే. కింద ఎర్రటి అక్షరాలు: "యంత్రంతో సంబంధం తెగింది."

"ఏమంటోంది అల్లుడుగారూ?" ఫోను ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చున్న అత్తగారు అడిగింది. "ఆరింటికల్లా టెంటు అతనికి చెప్పాలి. రేపు భోజనాలు మేడ మీదా, హాల్లోనా?"

"ఒక్క పది నిమిషాలత్తయ్యా," అన్నాడు పెద్దల్లుడు. పొద్దున్నించీ అది ఆరో పది నిమిషాలు.

రేపు అత్తగారి డెబ్భయ్యో పుట్టినరోజు. నలభై మంది వస్తున్నారు. వాన పడుతుందో లేదో ఆ ఇంట్లో ఆకాశాన్ని అడగరు, పెద్దల్లుణ్ణి అడుగుతారు. గాలి ఎటు తిరిగిందో, తేమ ఎంత పెరిగిందో అంకెల్లో చూసి చెప్పేస్తాడు. రెండేళ్ళుగా మాట తప్పలేదు. వీధిలో గోడలకు రంగులేసే మేస్త్రీ కూడా ఆయన్ని అడిగాకే డబ్బా మూత తీస్తాడు. తన కళ్ళద్దాల షాపులో రాని గౌరవం వానల్లో వచ్చింది. ఇవాళ తెల్లమొహం వేస్తే అదంతా పోయినట్టే.

అందులోనూ చిన్నల్లుడి ముందు.

తోడల్లుళ్ళిద్దరికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అక్కాచెల్లెళ్ళని చేసుకుని పక్కపక్కన ఇళ్ళు కట్టుకున్నారు. ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే రకం యంత్రాలు కొన్నారు. మేడ మీద కమ్మీకి బిగించిన పెట్టె ఎండనీ గాలినీ కొలిచి కబురు పంపుతుంది. కింద కంప్యూటర్‌కి గుచ్చిన వేలెడంత పుల్ల దాన్ని అందుకుంటుంది. మధ్యలో వైరంటూ లేదు; ఏ పెట్టెకి జతైన పుల్ల ఆ పెట్టె మాటే వింటుంది.

కానీ పెద్దల్లుడిది చెప్పిందంటే జరిగి తీరుతుంది. చిన్నల్లుడిది ఒట్టి కోతల డబ్బా. అత్తగారి చీర తీగ మీంచి లేచిపోయి వీధిలో పడ్డ రోజున కూడా అది గాలి సున్నా అంది. సాయంత్రం చల్లబడే వేళకి వేడి నలభై ఒకటి అంది.

"మెట్ల గది నెత్తిన అంత ఎత్తున పాతావు కదయ్యా, అయినా గాలి తగల్లేదా?" అని పెద్దల్లుడు గురువారం పొద్దున కూడా అందరి ముందూ ఏడిపించాడు. "డ్రైవింగ్ నేర్పేవాడివి కదా, దాన్ని కూడా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నేర్పు."

చిన్నల్లుడు నవ్వి ఊరుకున్నాడు. మంచివాడు. ఇవాళ పిలవగానే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు కూడా.

పుల్ల పీకి మళ్ళీ గుచ్చారు. ఇంకో కన్నంలో గుచ్చారు. కంప్యూటర్ ఆపి, వంద లెక్కపెట్టి, మళ్ళీ పెట్టారు. మధ్యలో కునుకు తీస్తోందేమోనని నిద్రపోకుండా సెట్టింగ్ మార్చారు. పెద్దల్లుడు అలవాటు కొద్దీ ఆ పుల్లని కళ్ళద్దం ఊదినట్టు ఊది, చొక్కా అంచుతో తుడిచి కూడా చూశాడు.

గీతలే.

చివరికి కొత్త బ్యాటరీలు పట్టుకుని మేడెక్కాడు.

ఆయన కమ్మీ నీళ్ళ ట్యాంకు చాటున, వంటింటి పొగగొట్టానికి ఆనుకుని ఉంటుంది. చిన్నల్లుడు చూసి కాపీ కొట్టకూడదని అక్కడ బిగించాడు. కింద భార్య రేపటికి ఏవో వేయిస్తోంది. గొట్టంలోంచి సెగ మొహాన కొట్టింది. కళ్ళు నలుపుకుంటూ బ్యాటరీలు మార్చాడు. పెట్టె మీద పచ్చ దీపం టక్కున మెరిసింది.

"వచ్చిందా తమ్ముడూ?" కిందికి కేకేశాడు.

"రాలేదన్నయ్యా!"

కమ్మీని కొంచెం తిప్పాడు. "ఇప్పుడు?"

"గీతలే!"

"సరిగ్గా చూడు!"

"గీతల్లో ఇంకేం చూడమంటావన్నయ్యా?"

అత్తగారి నవ్వు మేడ మీదికి వినపడింది.

చెమటలు కక్కుతూ దిగివచ్చేసరికి ఆరుకి అయిదు నిమిషాలు. ఫోను మోగనే మోగింది. టెంటు అతను.

"ఒక్క క్షణం ఉండు నాయనా," అని అత్తగారు ఫోనుని అరచేత్తో మూసి పెద్దల్లుడి వంక చూసింది. మూకుడు పొయ్యి మీదే వదిలేసి భార్య గరిటెతో గుమ్మంలోకి వచ్చింది.

పెద్దల్లుడు చిన్నల్లుడి పక్కకి జరిగాడు.

"పోనీ తమ్ముడూ," గొంతు బాగా తగ్గించి అన్నాడు, "మీ ఇంట్లో దాంట్లో ఏముందో ఓసారి..."

చిన్నల్లుడు నోరు తెరిచేలోపే గోడ అవతలి కిటికీలోంచి మరదలు అందుకుంది. "నే చూసి చెప్తానుండండి బావగారూ! ఆ... వేడి నలభై ఒకటి! గాలి సున్నా!"

అత్తగారు పకపకా నవ్వేసింది. పెద్దల్లుడికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"చూశారా అత్తయ్యా, నాది మూగబోయిందే గానీ అబద్ధం ఆడలేదు," అని చిన్నల్లుడి భుజం తట్టాడు. "ఇంత జరిగాక కూడా ఆ కోతల డబ్బాని మేడ మీద ఎందుకు ఉంచావయ్యా బాబూ?"

"మేడ మీద ఎక్కడుందన్నయ్యా, నువ్వు అంతలా ఏడిపించావని మొన్న మధ్యాహ్నం అన్నం తినగానే పీకేసి, బ్యాటరీలు తీసి మంచం కింద పడేశానుగా!" అన్నాడు చిన్నల్లుడు తల గోక్కుంటూ.