కరెంటొచ్చిన సాయంత్రం

"బొగ్గుగనుల్ల సమ్మె విడిచిన్రట కాకా! ఇగ కరెంటొస్తది."

ఎదురింటి అజ్మత్ వచ్చి, ముసలి అంబదాసు పక్కన అరుగు మీద కూర్చుంటూ చెప్పాడు. నెల రోజులుగా సాయంత్రం కరెంటు పోగానే అతను ఇక్కడికే వచ్చేవాడు. భార్య పోయాక అంబదాసు తిట్లు వినడానికి మరెవరూ మిగల్లేదు.

"తెలంగాణ తేకుండనే గనుల్లకు దిగిన్రా? సిగ్గులేనోళ్లు!"

"కడుపులు కాలుతున్నయి కాకా. ఎన్నొద్దులు కొట్లాడుతరు?"

అంతలో వీధంతా వెలిగింది. ఇళ్లలో టీవీలు మోగాయి. అజ్మత్ చటుక్కున లేచాడు.

"పో, నీ టీవీ సూడుపో. నెల దినాలు నా పానం తిన్నవ్," అన్నాడు అంబదాసు. ఆగి, "రేపొస్తవా?" అని అడిగాడు.

"కరెంటు పోతే వస్త!" నవ్వుతూ వెళ్లిపోయాడు అజ్మత్.

అంబదాసు లోపలికి వెళ్లి మెయిన్ స్విచ్ దించి, మళ్లీ చీకట్లో అరుగు మీద కూర్చున్నాడు.

కాసేపటికి ఎదురింటి కిటికీలోంచి అజ్మత్ కేకేశాడు. "కాకా, మీ ఇంట్ల రాలేదా కరెంటు?"

"రాలే," అన్నాడు అంబదాసు. అజ్మత్ కూర్చోవడానికి చోటు వదులుతూ పక్కకు జరిగాడు.