అరవై ఒకటో మనిషి

"మళ్లీ ఒకరు ఎక్కువొచ్చారు బావా."

మూడోసారి లెక్కపెట్టి వచ్చి చెప్పింది మరదలు.

ఫోన్ల షాపు ముందు పెద్ద లైను. రెండు వైపులా తాళ్లు. తాళ్ల మధ్య పసుపు టోపీల జనం. అద్దాల తలుపు మీద కొత్త ఫోన్ బొమ్మ, దాని కింద 'జనం మెచ్చిన ఫోన్' అని ఇంతలేసి అక్షరాలు.

ఫోన్ విడుదలయ్యేది ఇవాళే. జనం ఇంకా దాన్ని చూడనైనా లేదు.

లైనులో ఉన్నవాళ్లు అద్దె మనుషులు. ఏజెంటు వ్యానుల్లో తెచ్చి దింపాడు. అరవై మంది. వీడియో తీసేదాకా నిలబడాలి, నవ్వుతూ ఉండాలి. ఎవరైనా అడిగితే "ఫోన్ కోసం వచ్చాం" అనాలి. ఆ మాట వ్యానులోనే అందరిచేతా వల్లె వేయించాడు.

షాపు కంపెనీది. బావ మేనేజరు. మరదలికి ఇది మొదటి ఉద్యోగం. ఇవాళ మధ్యాహ్నం రెండింటిలోపు కొత్త ఫోన్‌కు ఒక్క బిల్లయినా పడకపోతే షట్టరు దించేసి తాళంచెవి పంపెయ్యమని హెడ్డాఫీసు తేల్చి చెప్పింది. అక్క, బావ, తను. ముగ్గురికీ ఆ షాపే ఆధారం.

"ఫోన్ మంచిదేనా బావా?" అని నిన్న అడిగింది.

"మంచిదో కాదో తెలియాలంటే ముందు ఎవడో ఒకడు కొని చావాలి కదే! అందుకే ఈ తంటా అంతా. జనాన్ని చూసి జనం వస్తారు."

పొద్దుటి నుంచీ ఆమె చూస్తూనే ఉంది. దారిన పోయేవాళ్లు ఆగుతున్నారు. లైను కొసదాకా చూస్తున్నారు. "అమ్మో, దీంట్లో ఎవడు నిలబడతాడు!" అనుకుంటూ ఎదురు షాపులోకి వెళ్లిపోతున్నారు.

ఆ సంగతి బావకు చెప్పే ధైర్యం లేదు ఆమెకు.

ఏజెంటు చేతులు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, నేను తెచ్చింది అరవై మందిని. టోపీలు అరవై, భోజనం పొట్లాలు అరవై. మధ్యలో ఎవడో దూరాడు. వాణ్ణి పంపిస్తావా, నా మనుషుల్ని ఎక్కించుకుని నన్నే పొమ్మంటావా?"

బావ గొంతు తగ్గించాడు. "చూడవే. వీళ్లు పోతే నా పని అయిపోయినట్టే."

ఎండకి సగం మంది టోపీలు తీసి విసురుకుంటున్నారు. అందరినీ పెట్టుకోమంది. అప్పుడు దొరికాడు.

లైనులో అందరికంటే ముందు, తలుపు పక్కనే నిలబడి ఉన్నాడొక పెద్దాయన. టోపీ లేదు. ఇస్త్రీ చొక్కా. చేతిలో ఇదే కంపెనీ పాత ఫోను, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. వెనకవాడితో చెబుతున్నాడు.

"ఎనిమిదేళ్లయింది బాబూ. మూడుసార్లు మెట్ల మీంచి పడింది. ఒక్కరోజు మొరాయిస్తే ఒట్టు!"

"అబ్బ, ఏం చెప్పావు తాతా! నీ ముందు మేమంతా దండగ."

మరదలు దగ్గరికి వెళ్లింది. "తాతగారూ, మీ టోపీ ఏదండీ?"

"నాకు టోపీ ఎందుకమ్మా?"

"ఏ వ్యానులో వచ్చారు?"

"వ్యానేమిటి? నడిచే వచ్చాను."

లైను గొల్లున నవ్వింది.

"మరి ఎందుకొచ్చారండీ?"

"ఫోన్ కోసం వచ్చానమ్మా."

ఈసారి ఎవరూ నవ్వాపుకోలేకపోయారు.

"మేమందరం అందుకే వచ్చాం తాతా!"

"పాఠం భలే అప్పజెప్పాడ్రా!"

"పొట్లం కోసమని చెప్పవయ్యా, సిగ్గెందుకు!"

ఆమెకూ నవ్వొచ్చింది. అంతలో ఏజెంటు వ్యానెక్కి హారన్ మోగించడం మొదలుపెట్టాడు. అద్దం లోపలి నుంచి బావ రెండు చేతులూ జోడించి ఆమె వైపే చూస్తున్నాడు.

పెద్దవాళ్లను పొమ్మనడం ఆమెకు అలవాటు లేదు.

"మీరు... మీరు మా లెక్కలో లేరండీ. దయచేసి వెళ్లిపోండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు.

"దీనికో లెక్కుందా అమ్మా? నాకు తెలియలేదు."

ఆమె తాడు పైకెత్తి పట్టుకుంది. ఆయన మోకాలు పట్టుకుని, నడుం వంచి, మెల్లగా దాని కింద నుంచి బయటికి వెళ్లాడు.

లెక్క సరిపోయింది.

ఒంటిగంటకు తలుపులు తెరిచారు. అరవై మందీ కేకలు పెడుతూ లోపలికి తోసుకొచ్చారు. ఫోన్లు చేతుల్లోకి తీసుకుని మురిసిపోయారు. వెనక తలుపులోంచి బయటికి నడిచారు. టోపీలు గోనెసంచిలో పడ్డాయి. వ్యానులు కదిలిపోయాయి.

షాపులో ఇద్దరే మిగిలారు.

హెడ్డాఫీసు నుంచి ఫోన్. "వీడియో అదిరిపోయింది! అంతమంది జనమా! ఇంతకీ బిల్లులేవీ?"

"వస్తున్నాయి సార్," అన్నాడు బావ. పెట్టేశాక తలెత్తలేదు.

గడియారంలో ఒకటిన్నర.

"ఒక్క బుకింగైనా లేదా బావా?"

బావ సొరుగు లాగి కాగితం తీశాడు. "ఉన్నదల్లా ఒక్కటే. నెల కిందట ఎవరో ఫోన్లో చెప్పి రాయించుకున్నారు. విడుదల రోజే వస్తానన్నారు. రాలేదు."

"నంబరివ్వు, నేను అడుగుతాను."

కాగితం చూసి నంబరు నొక్కింది. అవతల ఎత్తారు.

"అయ్యా, మీరు బుక్ చేసిన ఫోన్ సిద్ధంగా ఉందండీ. రెండింటిలోపు రాగలరా? కాదనకండి, ఎక్కడున్నా సరే, మా బావే వచ్చి తీసుకొస్తాడు."

అవతల చిన్న దగ్గు. తరవాత నెమ్మదైన గొంతు.

"ఇంకెందుకు తల్లీ, మొదటి ఫోన్ నేనే కొనాలని చీకటితోనే వచ్చి మీ తలుపు దగ్గర నిలబడ్డాను, మీరు పంపించేశాక ఎదురు షాపులో వేరే కంపెనీది కొనుక్కుని ఇంటికొచ్చేశాను."